ఇంటి నడిమి ద్వారమును వెడల్పు చేయుట

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవునపుడు, బాటకు దూరముగా నున్న పల్లెలలో నేటికిని ప్రాత పెంకుటిండ్లు కొన్ని కనబడును. వాని మట్టిగోడలు ఒకటిన్నర యడుగు మొదలుకొని రెండడుగుల వఱకు మందముగా నుండును. మీద అడవికఱ్ఱతో చేసిన దూలములు, వాసములు, వానిపై గూనపెంకులు. మండు వేసవిలో సయితము ఆ యిండ్ల లోపల చల్లగా నుండును. కోయవారి పల్లెలలో వెదురు తడికలకు ఇరుప్రక్కల మట్టి మెత్తి కట్టిన యిండ్లును గలవు. ఈ రెండు విధముల యిండ్లకును ఒక పోలిక కలదు: ద్వారములు చిన్నవి. వీధి ద్వారము ఒకింత పెద్దదైనను, నడిమి గదినుండి లోపలి గదికి పోవు ద్వారము రెండడుగుల వెడల్పును మించుట అరుదు. పొడవైనవాడు తల వంచక లోపలికి పోజాలడు.

మన పెద్దలకు విశాలమైన ద్వారము కట్టుట చేతగాక యిట్లు చేసిరని కొందఱు తలంతురు. అది పొరపాటు. ద్వారముపైన నుండు గోడను ఏదో యొక కఱ్ఱ మోయవలెను. ద్వారము ఇరుకైన కొలది ఆ కఱ్ఱ చిన్నదైనను చాలును. మ్రానును ఇద్దఱు మనుష్యులు చేతిరంపముతో కోయవలసిన దినములలో పొడవైన కఱ్ఱ యంతయు ఇంటికప్పునకు పోయెడిది. మిగిలిన తునుకలు ద్వారములకు వచ్చెడివి. లోపలి గదిలో ధాన్యపు గాదె, పెట్టె, బిందెలు ఉండెడివి గనుక చిన్న ద్వారము కాపునకును అనుకూలము. కాబట్టి వారు తమ అవసరమునకు తగినట్లే కట్టిరి. మన అవసరము మాఱినపుడు మనమును ఆలోచించి మార్చుకొనవలెను. ఆలోచింపక మార్చినచో ఏమగునో మా యింటనే చూచితిని గనుక, ఆ సంగతిని విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునని వ్రాయుచున్నాను.

అవసరము కలిగిన విధము

2022 జూలై నెలలో గోదావరి పొంగి, 16వ తేదీన భద్రాచలమువద్ద నీటిమట్టము 71.3 అడుగులకు చేరెను. అచ్చట 53 అడుగులు దాటినచో మూడవ ప్రమాద హెచ్చరిక ఇత్తురు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంతటి నీరు రాలేదు. మా యిల్లు మెట్టమీద నుండుటచేత తడవలేదు గాని, నీరు వీధి చివరకు వచ్చినందున ఇల్లు విడువవలసివచ్చెను. మా తండ్రిగారు పక్షవాతముచేత నడువలేని వారు. లోపలి గదిలో మంచముమీద నుండిరి. మంచముతోనే వారిని బయటికి తెచ్చెదమని నలుగురము పట్టితిమి. మంచము నడిమి ద్వారమువద్ద ఆగిపోయెను. నిలువుగా తిప్పుదమన్న రోగి పడిపోవును. తుదకు దుప్పటిలో పరుండబెట్టి, ద్వారములో ఒకరి వెనుక ఒకరము ఒదిగి, ఆయన మోకాలు ద్వారబంధమునకు ఒరసికొని రక్తము కాఱుచుండగా బయటికి తెచ్చితిమి.

ఇంటికి తిరిగివచ్చిన పిమ్మట నేను చేసిన మొదటి పని ఆ ద్వారమును కొలుచుట. చట్టములోపల సరిగా 23 అంగుళములు మాత్రమే యుండెను. ఆయనకై తెచ్చిన చక్రముల కుర్చీ వెడల్పు 25 అంగుళములు. రెండంగుళముల లోటుచేత ఆయన ఆ చీకటిగదిలోనే యుండిపోయెను. 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకములలో, చక్రముల కుర్చీ పోవు ద్వారమునకు లోపలి వెడల్పు 900 మిల్లీమీటర్లకు తగ్గకూడదని చెప్పబడినది. అనగా ఇంచుమించు మూడడుగులు. అంత వెడల్పు కలిగించిన యెడల కుర్చీ పోవును. మంచమును మోయువారును నడువగలరు. లోపలి గదికి వెలుతురును గాలియు వచ్చును. నాలుగడుగులైన ఇంకను బాగుండునుగదా యని యింటిలో కొందఱనిరి. అంత ఏల కూడదో ముందు చెప్పెదను.

మొదటి దినమున జరిగిన పొరపాటు

2023 ఫిబ్రవరిలో ఒక తాపీపనివానిని పిలిచితిమి. ఆతడు సిమెంటు పనిలో నేర్పరియే గాని మట్టిగోడల పని ఎఱిగినవాడు కాడు. నేనును ఎఱుగను. ఆతడు వచ్చినవెంటనే గడ్డపార తీసికొని ద్వారబంధపు ప్రక్కనున్న గోడను పొడువసాగెను. ప్రొద్దెక్కునప్పటికి ఒక ప్రక్క నిలువుకమ్మి వదులయ్యెను. దానిని లాగినంతనే పైకమ్మి ఒరగెను. దానిమీదనున్న మట్టి పెళ్లలు పెళ్లలుగా రాలెను. మట్టి ఎత్తుచున్న కుఱ్ఱవాడు వెనుకకు దుమికెను గనుక బ్రదికెను. లేచిన దుమ్ము అణగిన పిదప చూడగా, ద్వారపు మూలనుండి అటకదాక నెఱ్ఱె ఒకటి ఏటవాలుగా ప్రాకియుండెను. పని నిలిపి, దొరికిన వెదురుబొంగులనెల్ల గోడకు ఊతగా పెట్టితిమి.

మఱునాడు ప్రక్క ఊరినుండి ఒక వృద్ధ వడ్రంగి వచ్చెను. ఆయన గోడను ముట్టలేదు. నిచ్చెన వేయించి అటకమీదికెక్కి, దీపముతో గోడపై భాగమంతయు చూచి దిగెను. "పంతులుగారూ, అటకదూలము కొన సరిగా ఈ ద్వారము మీదనే కూర్చున్నది. అటకమీద మీ బియ్యపు బస్తాలున్నవి. ఆ బరువెల్ల ఈ ప్రాత పైకమ్మి మీదనే వచ్చుచున్నది. దానిని లాగిన ఇంకేమి నిలుచును? గోడ తీయుట సులువే. అది మోయు బరువునకు ముందుగా వేఱొక దారి చూపవలెను" అనెను. ఈ పనిలో తెలిసికొనదగిన దంతయు ఈ మాటలోనే యున్నది. తక్కిన దంతయు దీని వివరణమే.

బరువు నడుచు దారి

కప్పు బరువు వాసములలోనికి, వాసములనుండి దూలములలోనికి, దూలములనుండి గోడలోనికో స్తంభములలోనికో, అచ్చటినుండి పునాదిలోనికి దిగును. నీరు పల్లమునకు పాఱునట్లు బరువును నేలకు దారి వెదకికొనును. ద్వారము ఆ దారికి అడ్డముగా నున్న ఖాళీ. అందుచేత బరువు ఆ ఖాళీకి పైన అడ్డముగా ఉన్న కఱ్ఱమీదికి వచ్చి, రెండు ప్రక్కలకును చీలి, ద్వారమునకు కుడి యెడమల నున్న గోడలోనుండి దిగిపోవును. ఈ యడ్డకఱ్ఱను పైదూలమందము. ఇంజనీయర్లు లింటెలు అందురు. ఓరుగల్లు కోటలోని కాకతీయుల తోరణములను చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. పైనున్న అడ్డరాయి బరువంతయు ఇరుప్రక్కల స్తంభములమీదనే పడుచున్నది. నడుమనున్న ఖాళీ ఎంతటి సుందరమైనదైనను అది ఏమియు మోయదు.

కాబట్టి ఏ గోడలో ద్వారము పెంచదలచితిమో, ఆ గోడ కప్పును మోయుచున్నదా, గదులను వేఱుచేయుటకు మాత్రము కట్టబడినదా యని ముందు తెలిసికొనవలెను. అటకమీదికెక్కి చూచిన, దూలముల కొనలు, వాసముల కొనలు ఆ గోడమీద ఆనియున్నవో లేవో కనబడును. ఆనియున్న యెడల అది మోతగోడ. ఇంటి నడుమ వెన్నుదూలమును మోయుచు నిలువునా కప్పుదాక పోవు గోడ తఱచుగా మోతగోడయే. గోడ తలయెత్తు వఱకే యుండి దాని పైన ఖాళీగా నున్నచో, అది అడ్డుగోడ కావచ్చును. మన ప్రాంతములో మొగురములని చెప్పబడు నిలువు స్తంభములపై కప్పును నిలిపి, వాని నడుమ మట్టిగోడ పెట్టిన యిండ్లును గలవు. అట్టి యింట గోడ బరువు మోయకపోయినను, మొగురము గోడలోపల దాగియుండవచ్చును. గోడను వ్రేళ్లతో తట్టుచు పోయిన, మట్టి ఒక విధముగాను కఱ్ఱ మఱియొక విధముగాను పలుకును. మొగురము బయటపడినచో దానిని ఎన్నడును కోయరాదు. ద్వారమునే ప్రక్కకు జరుపుకొనవలెను. వెదురు తడిక గోడలలో పని మిక్కిలి తేలిక. అచ్చట కప్పును గుంజలే మోయును గనుక, గుంజలను ముట్టక తడికను కోసి అంచు కట్టిన చాలును.

ఒక యడుగు ఎంత పెద్దది?

ద్వారమును రెండడుగులనుండి మూడడుగులకు పెంచిన బరువు ఒకటిన్నర రెట్లగునని మనకు తోచును. అట్లు కాదు. బాగుగా కట్టుకొనియున్న గోడలో ద్వారముపైనున్న మట్టి యంతయు పైదూలముమీద పడదు. ద్వారపు వెడల్పును అడుగుభుజముగా చేసికొని, మూడు భుజములు సమానముగా నుండు త్రిభుజమొకటి పైకి గీసినచో, ఆ త్రిభుజములోని మట్టి మాత్రమే దూలముమీద పడును. మిగిలినది ప్రక్కలకు వాలి నిలుచును. లెక్కలు నేర్చిన విద్యార్థులు ఇది వేసి చూడవచ్చును. గోడ మందము 45 సెంటీమీటర్లు, ఘనమీటరు మట్టి బరువు 1,750 కిలోలు అనుకొందము. ద్వారము 60 సెంటీమీటర్లయిన త్రిభుజములోని మట్టి బరువు సుమారు 120 కిలోలు. ద్వారము 90 సెంటీమీటర్లయిన అది సుమారు 275 కిలోలు. వెడల్పు ఒకటిన్నర రెట్లు పెరుగగా బరువు రెండు రెట్లకు మించెను. అంతియేగాక పొడవైన కఱ్ఱ ఎక్కువగా వంగును. బరువును పొడవును కలిసి ఆ కఱ్ఱను వంచు శక్తి మూడు రెట్లకు పైబడును. అందుచేత ప్రాత పైకమ్మినే జరిపి పెట్టుట పనికిరాదు. 120 సెంటీమీటర్లు చేసినచో, ఈ శక్తి మొదటిదానికి ఎనిమిది రెట్లగును. నాలుగడుగులు ఏల కూడదంటినో ఇప్పుడు బోధపడియుండును.

ఈ త్రిభుజపు లెక్క గోడ మట్టికి మాత్రమే చెల్లును. ఆ త్రిభుజములో ఎచ్చటనైన ఒక దూలపు కొన ఆనియున్నచో, ఆ దూలము మోయు బరువంతయు దీనికి కలియును. మా యింట జరిగినది అదియే.

పైదూలమునకు కఱ్ఱను ఎట్లు పెట్టవలెను? విద్యార్థులు తమ కఱ్ఱ స్కేలును రెండు పుస్తకములమీద బల్లపరుపుగా పెట్టి నడుమ నొక్కిన అది వంగును. దానినే అంచుమీద నిలిపి నొక్కిన వంగదు. కఱ్ఱ అదే, బరువు అదే. మాఱినది లోతు మాత్రమే. కఱ్ఱ వెడల్పును రెట్టింపు చేసిన బలము రెట్టింపగును. లోతును రెట్టింపు చేసిన నాలుగు రెట్లగును. ఈ కారణముచేతనే దూలమును ఎప్పుడును నిలువులోతుగా పెట్టుదురు.

నేల కదలునపుడు

మన ప్రాంతమునకు మఱియొక జాగ్రత్త కలదు. 1969 ఏప్రిల్ 13వ తేదీన భద్రాచల ప్రాంతమున 5.7 తీవ్రతగల భూకంపము వచ్చెను. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయమున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో నేల కంపించినపుడు ఖమ్మము, కొత్తగూడెము ప్రాంతములవారు ఇండ్లనుండి బయటికి పరుగెత్తిరి. భారత ప్రమాణముల సంస్థ 2002లో ప్రకటించిన భూకంప పటములో భద్రాచల ప్రాంతము మూడవ మండలములో చూపబడినది. నేల ఊగునపుడు గోడలు ముందుగా చీలునది ద్వారముల మూలలవద్దను, ఇంటి మూలలవద్దను. అందుచేత ఆ సంస్థయే 1993లో మట్టియిండ్లకై కొన్ని నియమములను ప్రకటించెను. వానిలో మన పనికి వచ్చునవి నాలుగు.

మొదటిది: మట్టిగోడలో ఖాళీ వెడల్పు 1.2 మీటర్లను, అనగా ఇంచుమించు 4 అడుగులను, మించరాదు. రెండవది: ఇంటి మూలకును ద్వారమునకును నడుమ 1.2 మీటర్లకు తక్కువ కాకుండ గోడ మిగులవలెను. మూడవది: ఒక గోడలోని ద్వారములు, కిటికీలు అన్నియు కలిపి, మన మండలములో, ఆ గోడ పొడవులో నూటికి 40 వంతులను మించరాదు. నాలుగవది: పైదూలపు రెండు కొనలును ఒక్కొక్క ప్రక్క ఒక అడుగైనను గోడలోనికి దూరి కూర్చుండవలెను.

మా నడిమి గోడ పొడవు 14 అడుగులు. ద్వారమునకు ఒక ప్రక్క 4 అడుగుల గోడయు, మఱియొక ప్రక్క ఏడున్నర అడుగుల గోడయు నుండెను. అందుచేత ఇరుప్రక్కల సమానముగా పెంచుదమన్న మా ఆలోచన మానుకొంటిమి. 4 అడుగుల ప్రక్కను ముట్టక, రెండవ ప్రక్కనే 13 అంగుళములు కోసితిమి. చట్టముతో కూడ ఖాళీ ఇంచుమించు 3½ అడుగులయ్యెను. అది గోడలో నాలుగవ వంతు. ఇరుప్రక్కల అడుగు చొప్పున కలుపగా పైదూలపు పొడవు 5½ అడుగులయ్యెను.

పని జరిగిన క్రమము

ఈ పనికి తగిన కాలము సంక్రాంతి దాటినది మొదలు ఎండలు ముదురువఱకు. అప్పటికి గోడ లోపలిదాక ఆఱియుండును. వానకాలమున తడిసిన మట్టికి బలముండదు. వానలకు ముందు పని ముగిసి, పూత ఆఱవలెను.

ముందుగా అటకను ఖాళీచేసితిమి. బస్తాలు, ఇత్తడి గుండిగలు, ప్రాత పుస్తకముల పెట్టెలు దింపునప్పటికి సగము దినము పట్టెను. గోడలోని విద్యుత్తు తీగలకు ప్రవాహము ఆపించితిమి. పిల్లలను ఆ భాగమునకు రానీయలేదు.

తరువాత అటకదూలమునకు క్రింద, గోడకు రెండడుగుల దూరమున, ఊతకఱ్ఱలను నిలిపితిమి. ఊతకఱ్ఱను నేలమీద నేరుగా పెట్టరాదు. దాని క్రింద మందమైన పలక వేయవలెను. లేనియెడల అలికిన నేలలోనికి దిగబడును. కఱ్ఱ కొనకును దూలమునకును నడుమ ఎదురెదురుగా రెండు చీలలు దూర్చి, మెల్లమెల్లగా కొట్టి బిగించితిమి. దూలము లేచునంత గట్టిగా కొట్టరాదు. బరువు కఱ్ఱమీదికి వచ్చినదని తెలిసినంత చాలును. వృద్ధ వడ్రంగి చీలను కొట్టుచు, రెండవచేతితో ఊతకఱ్ఱను పట్టుకొని, "ఇదిగో, పలికినది" అనెను. వదులుగానున్న కఱ్ఱ బొత్తుగా మ్రోగును. బరువెత్తిన కఱ్ఱ బిగించిన తంతివలె మ్రోగును. గోడకు ఆవలి గదిలోను ఇట్లే వెన్నుదూలమునకు రెండు ఊతలు పెట్టితిమి.

పిమ్మట క్రొత్త పైదూలము కూర్చుండవలసిన చోటును రసమట్టముతో గుఱుతు పెట్టి, గోడకు ఒక ప్రక్కనుండి సగము మందము మాత్రము, అనగా 9 అంగుళముల లోతున, పొడవుగా గాడి తీసితిమి. రెండవ సగమును ముట్టలేదు. గాడి తీయునంతసేపు పైగోడను ఆ సగమే మోసెను. గాడి రెండు కొనలయందు మట్టి తీసివేసి, ఒక్కొక్క ప్రక్క కాల్చిన ఇటుకలతో దిమ్మె కట్టించి రెండు దినములు ఆగితిమి. బరువు మెత్తని మట్టిమీద ఒక్కచోట పడినచో అది నలుగును. ఇటుక దిమ్మె దానిని పఱచి దింపును. ఆ దిమ్మెలమీద 4½ అంగుళముల వెడల్పు, 6 అంగుళముల లోతు గల రెండు కఱ్ఱలను ప్రక్కప్రక్కన పెట్టి, పైన మిగిలిన సందును ఇటుక ముక్కలతోను సున్నముతోను బిగించితిమి. అది ఆఱిన పిదప గోడ రెండవ ప్రక్కనుండి తక్కిన సగమునకు అట్లే చేసితిమి. ఇట్లు నాలుగు కఱ్ఱలు కలిసి గోడ మందమంతయు నిండెను.

అప్పటికింకను క్రింది గోడను ముట్టలేదని విద్యార్థులు గమనింపవలెను. మోయువాడు వచ్చి కూర్చుండి, భారమెత్తుకొన్న తరువాతనే దారిలోని గోడను తీసితిమి. దానిని పైనుండి క్రిందికి, ఒక్కొక్క జానెడు చొప్పున, గోడ అంచును ప్రాత రంపముతో కోసికొనుచు తీసిరి. గడ్డపారతో పొడిచిన ఆ యదురు గోడ అంతటను ప్రాకి నెఱ్ఱెలు కలిగించును. రంపముతో కోసిన అంచు చక్కగా నిలుచును.

కోసిన ప్రక్కను ఒక ఇటుక మందమున కట్టి, ప్రతి మూడు వరుసలకు ఒక ఇటుకను మట్టిగోడలోనికి దూర్చి ముడివేసితిమి. ఊతకఱ్ఱలను వెంటనే తీయలేదు. రెండు వారముల పిదప చీలలను దినమునకు కొంచెము చొప్పున వదులుచేసి, నెఱ్ఱెయేమైన పుట్టునేమోయని చూచుచు, మూడవ దినమున తీసితిమి. మొదటి దినపు నెఱ్ఱెకు అడ్డముగా కాగితపు పట్టీలు అంటించి యుంటిమి. నెఱ్ఱె పెరిగినచో కాగితము చినుగును. చినుగలేదు.

కఱ్ఱ, పూత, గడప

కఱ్ఱ విషయమై ఒక మాట. అడవి ప్రక్కనే యున్నదిగదా యని ఎవరును టేకు మ్రానును కొట్టరాదు. 1967 నాటి అటవీ చట్టము ప్రకారము అనుమతి లేక కొట్టుటయు తెచ్చుటయు నేరము. అనుమతిగల కఱ్ఱ అడితిలోనే కొని, రసీదు దాచుకొనవలెను. అంతకంటె మేలైనది, కూల్చిన ప్రాత యిండ్ల దూలములను కొనుట. అనేక సంవత్సరములు ఆఱిన టేకు ఇక వంకరపోదు. మేము అట్టిదే కొంటిమి. గోడలో దూరు కొనలకు చెదలు పట్టకుండ తారు పూసితిమి. కఱ్ఱ దొరకనిచోట ఇనుప కమ్ములతో పోసిన కాంక్రీటు దూలము పెట్టవచ్చును గాని, అది బరువైనది గనుక ఇటుక దిమ్మెలు తప్పనిసరి.

పూతకు సిమెంటు వాడలేదు. మట్టిగోడ నేలనుండి పీల్చిన చెమ్మను పైపూతద్వారా గాలిలోనికి విడుచును. సిమెంటు పూత ఆ దారిని మూసివేయగా, చెమ్మ లోపలనే నిలిచి మట్టిని మెత్తచేయును. కొన్నియేండ్లకు పూత పలకలుగా ఊడును. అందుచేత తఱిగిన వరిగడ్డి కలిపి నాలుగు దినములు మాగబెట్టిన మట్టితోనే మెత్తి, సున్నము వేసితిమి.

గడప మాట వచ్చినపుడు ఇంటిలో కొంత చర్చ జరిగెను. చక్రముల కుర్చీకి రెండంగుళముల గడప సయితము కొండయే. గడప లేని ద్వారము ఏమి ద్వారమని మా మేనత్తగారు ఒప్పుకొనలేదు. పండుగనాడు పసుపు పూసి, కుంకుమ పెట్టు కఱ్ఱను తీసివేయుట ఆమెకు బాధ. తుదకు వీధి గడపను ఉన్నట్లే యుంచి, దానికి ఇరుప్రక్కల అంగుళము ఎత్తునకు అడుగు పొడవు చొప్పున వాలుబల్లలు చేయించితిమి. నడిమి ద్వారమున మాత్రము గడపను నేలకు సమముగా దింపితిమి. కఱ్ఱ నేలలోనే యున్నది గనుక ఆమెయు సంతోషించి, దానికే పసుపు పూయుచున్నది.

చేయరాని చోట్లు

ప్రతి యింటను ఈ పని చేయవచ్చునని ఎవరును తలపరాదు. వరదనీటిలో నిలిచిన గోడ పైకి బాగుగా కనబడినను, అడుగుభాగమున మట్టి కరగి సన్నమై యుండవచ్చును. అట్టిదానిని ముందు అడుగున బాగుచేయవలెను. గోడ నిలువు తప్పి ఒరిగియున్నచో, తూకపుగుండు వ్రేలాడదీసిన తెలియును. అచ్చట ద్వారము పెంచరాదు. చెదలు తిన్న దూలము ఆనియున్నచోటను, పైఅంతస్తు గలచోటను, మూలకు దగ్గఱగానున్న ద్వారమునందును, చదువుకొన్న ఇంజనీయరును పిలిచి చూపింపక పని మొదలుపెట్టరాదు. అట్టిచోట ద్వారమును పెంచుటకు మాఱుగా, రోగిని వెలుతురుగల ముందుగదికి మార్చుటయే వివేకము. మా పని కూడ ఊతలు లేక మొదలైన ఆ మొదటి దినమున ఒక కుఱ్ఱవాని ప్రాణము తీసియుండెడిది. అది నా తప్పే. పని తెలియనివాడు పనివానిని అడుగవలసిన ప్రశ్నలు కొన్ని యుండును. ఈ గోడ ఏమి మోయుచున్నది? దీనిని తీసినపుడు దానిని ఎవరు మోయుదురు? ఈ రెండును నేను అడుగలేదు.

పని ముగిసిన మఱునాడు ఉదయమున మా తండ్రిగారు కుర్చీ చక్రములను తామే త్రిప్పుకొనుచు, ఎవరి సాయమును లేక, నడిమి ద్వారము దాటి ముందుగదికి వచ్చిరి. ద్వారబంధమును ఒకసారి చేతితో తడవి, "ఇంతేనా?" అనిరి. వీధిలో పోవువారు పలుకరించుచుండగా ఆ పూటంతయు అచ్చటనే కూర్చుండిరి. లోపలి గది గోడమీద ప్రొద్దుటి యెండ పడుట నేను చూచినది అదే మొదలు.

విద్యార్థులారా! ఈ వేసవి సెలవులలో మీరు మీ మీ యిండ్లలోని ద్వారములను కొలిచి వ్రాసికొనుడు. ఏ గోడమీద ఏ దూలము ఆనియున్నదో పెద్దలతో కలిసి అటకమీది నుండి చూడుడు. పిదప మీ యింటిలోని వృద్ధులను, నడువలేనివారిని తలచుకొని, వారు మంచముతో సహా ఆ ద్వారమున పట్టుదురా యని లెక్కవేయుడు. పట్టనియెడల ఆ సంగతిని నది పొంగిన రాత్రి తెలిసికొనుటకంటె, ఎండకాలపు పగటివేళ తెలిసికొనుట మేలు.